విశ్రాంత సహోద్యోగుల కలయికలు: రాలేనివారి నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో కలిసి పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్లం ఒక సంఘంగా ఏర్పడి పదేళ్లు కావస్తోంది. పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు ఎనభై మందికి పైగా ఉన్నారు. మొదట్లో కార్తీక వనభోజనాలకు, జనవరి విందుకు కుటుంబాలతో సహా అందరూ వచ్చేవారు. ఇప్పుడు పాతిక మంది రావడమే గగనంగా ఉంది. రెండేళ్ల కిందట అరకు తీసుకెళితే బొర్రా గుహల మెట్ల మీద ఒక పెద్దాయన జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పటి నుంచి చాలామందిని పిల్లలు పంపడం లేదు. ఈ ఏడు కొందరు కాశీయాత్ర పెట్టమంటున్నారు, కొందరు రిసార్టులో ఒక రోజు గడుపుదామంటున్నారు, ఖర్చు భరించలేనివాళ్లు మౌనంగా తప్పుకుంటున్నారు. ఆడవాళ్లేమో ‘మేం వచ్చి ఏం చేయాలి?’ అంటున్నారు. కార్యదర్శిగా అన్నీ నేనే చూసుకోవలసి వస్తోంది. ఎలాంటి కార్యక్రమాలు పెడితే అందరూ వస్తారు? అసలు ఈ సంఘాన్ని కొనసాగించడం అవసరమా?
– ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: సంఘం అవసరమేనండి, మునుపటి కంటే ఇప్పుడే ఎక్కువ అవసరం. ముప్ఫై ఏళ్లు ఒకే గేటులోంచి లోపలికి వెళ్లి, ఒకే క్యాంటీనులో తిని, రాత్రిపూట సి షిఫ్టు చలిలో ఒకే టీ పంచుకున్న మనుషులకు అరవై దాటాక ఆ రోజుల గురించి మాట్లాడుకోవడానికి ఇంట్లో ఎవరూ దొరకరు. భార్యకైనా పిల్లలకైనా మీ ఉద్యోగం గురించి బయటి నుంచి తెలిసినంతే తెలుసు. అందుకే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు పట్టి నిలిపినది ‘మౌనంగా తప్పుకుంటున్నారు’ అన్న మాట. కాశీయా, రిసార్టా అన్న ప్రశ్నను కొద్దిరోజులు పక్కన పెట్టి, ముందు ఆ తప్పుకున్నవాళ్ల సంగతి చూడమని నా సలహా. ఇప్పటికే వస్తున్న పాతిక మందికి నచ్చే కార్యక్రమం ఏదో వెతుక్కుంటూ పోతే మళ్లీ ఆ పాతిక మందే వస్తారు. రాలేకపోతున్నవాళ్లకు ఏది అడ్డం వస్తోందో తెలుసుకుని, ఆ అడ్డు తొలగేలా కార్యక్రమం వేస్తే ఇప్పుడు వస్తున్నవాళ్లకూ అది సుఖంగానే ఉంటుంది.

ఆ అడ్డంకులు తెలుసుకోవడానికి వాట్సాప్‌లో ప్రశ్న పెట్టకండి. ఎనభై మంది చూసే చోట ‘నా దగ్గర డబ్బు లేదు’ అనో, ‘గంటకోసారి బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుంది, బస్సు ప్రయాణం నా వల్ల కాదు’ అనో ఎవరూ రాయరు. ‘వీలు పడలేదు’ అని మాత్రమే రాస్తారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి, ఆ ఫోన్ కూడా కార్యదర్శి హోదాలో మీరు కాకుండా, వాళ్లతో ఒకే సెక్షన్లో, ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి చేయాలి. ఎందుకు రాలేదని నిలదీసినట్టు కాకుండా, ఒంట్లో ఎలా ఉంది, ఎవరి దగ్గర ఉంటున్నారు, ఎంత దూరం ప్రయాణం చేయగలరు, ఏ రోజైతే ఇంట్లో వీలవుతుంది అని కుశలం అడుగుతూ తెలుసుకోవాలి. మనవల్ని బడి నుంచి తెచ్చే పని నెత్తిన ఉన్నవాళ్లు ఎందరో, భార్యకు డయాలసిస్ చేయిస్తూ వారంలో రెండు మూడు రోజులు ఆసుపత్రిలో గడిపేవాళ్లు ఎందరో, కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి ఆరేసి నెలలు ఉండిపోయేవాళ్లు ఎందరో అప్పుడు తెలుస్తుంది. సంఘంపై ఆసక్తి పోయి మానేసినవాళ్లు చాలా తక్కువమందే తేలుతారని నా నమ్మకం.

ఇక కార్యక్రమాల విషయానికి వస్తే, మీరు ఏడాదికి రెండు పెద్ద వేడుకల మీదే సంఘాన్ని నిలబెట్టారు. నడివయసువాళ్లకు అది సరిపోతుంది గాని డెబ్బై దగ్గరపడుతున్నవాళ్లకు సరిపోదు. ఆ రెండు రోజుల్లో జ్వరమొచ్చినా, బంధువుల ఇంట పెళ్లి పడినా మళ్లీ ఏడాది దాకా ముఖాలు చూసుకునే అవకాశం ఉండదు, రెండేళ్లు వరసగా తప్పితే మూడో ఏడు రావడానికి మొహమాటం అడ్డుపడుతుంది. అందుకని నెలనెలా ఒకే రోజున, ఒకే చోట, ఒకే వేళకు జరిగే చిన్న కలయికను ముందుగా నిలబెట్టండి. ప్రతి నెలా రెండో బుధవారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు అని నిర్ణయించారనుకోండి, ఆ నెల పిలుపు రాకపోయినా, ఫోన్ పాడైనా మనిషి నేరుగా వచ్చి కూర్చోగలగాలి. ఆరుగురే వచ్చినా సరే, వానొచ్చినా సరే, దాన్ని వాయిదా వేయకూడదు. ఆదివారాలు వద్దు. ఆ రోజు పిల్లలు ఇంట్లో ఉంటారు, పార్కులు కిక్కిరిసి ఉంటాయి.

చోటు ఎంచుకునేటప్పుడు బస్సు దిగాక ఎంత నడవాలి అన్నదే మొదటి ప్రశ్న కావాలి. మీవాళ్లు గాజువాక, కూర్మన్నపాలెం వైపు కొందరు, మధురవాడ, పెందుర్తి వైపు కొందరు ఉండి ఉంటారు కాబట్టి, ఏ మూల నుంచైనా ఒకే బస్సులో చేరగలిగే ఆర్టీసీ కాంప్లెక్సు పరిసరాలు అందరికీ న్యాయంగా ఉంటాయి. పాత జైలు స్థలంలో వెలసిన సెంట్రల్ పార్కు దానికి దగ్గరలోనే ఉంది. అరవై దాటినవాళ్లకు ఏపీఎస్‌ఆర్టీసీ టికెట్‌లో 25 శాతం రాయితీ ఇస్తుంది, ఆధార్ కార్డు వెంట ఉంచుకోమని చెప్పండి. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కనుక వాళ్లకు రానుపోను ఖర్చే ఉండదు. అంత దూరం కూడా రాలేనివాళ్లు ఒక ప్రాంతంలో నలుగురైదుగురు ఉంటే, వాళ్లుండే చోటే ఎవరింటి వరండాలోనో, అపార్టుమెంటు కింది హాల్లోనో అదే రోజు అదే వేళకు మరో చిన్న కలయిక జరగనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వేళ మార్చి, ఎండ ముదరకముందే ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు బీచ్ రోడ్డున కలుసుకోండి. భోజనం వేళకు ముందే ముగిసేలా చూసుకుంటే టీ, బిస్కెట్ల ఖర్చుతో సరిపోతుంది. చక్కెర లేని టీ ఫ్లాస్కు విడిగా ఉండాలి, దాన్ని అడిగి తీసుకోవలసిన అవసరం రాకూడదు.

ఆ రెండు గంటల్లో ఏం చేయాలంటారా? ఉపన్యాసాలు, శాలువాలు, పూలదండలు తగ్గించండి. విశ్రాంత ఉద్యోగుల సభల్లో వేదిక మీద పదిమంది వరసగా కూర్చుని గంటన్నర మాట్లాడుతుంటే, కింద చెవులు సరిగా వినబడని ముప్ఫై మంది ఆకలితో కూర్చోవడం ఎన్నో ఊళ్లలో చూశాను. చెవి మిషను పెట్టుకున్నవాళ్లకు పెద్ద హాల్లో స్పీకర్ల హోరు భరించరానిది. కుర్చీలు గుండ్రంగా వేసుకుని మైకు లేకుండా మాట్లాడుకునేంత మందే ఉండటం మంచిది. ఒక్కో నెల ఒక్కరు తన పని గురించి పావుగంట చెప్పాలి: మొదటిరోజు డ్యూటీ, తాను బాగుచేసిన మొండి యంత్రం, ఎవరూ ప్రాణం కోల్పోకుండా గట్టెక్కిన ఒక ప్రమాదం, తనకు పని నేర్పిన ఫోర్‌మన్. నిచ్చెన పట్టుకున్న హెల్పరుకైనా, డ్రాయింగు గీసిన ఇంజనీరుకైనా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, పైగా వినేవాళ్లలో సగం మంది ఆ రోజు అక్కడే ఉన్నవాళ్లు కాబట్టి మాట మధ్యలోనే సరిదిద్దుతారు, కథ పెరుగుతుంది. అవన్నీ ఎవరి ఫోన్లోనైనా రికార్డు చేసి దాచండి.

మిగిలిన సమయంలో బతుకుకు పనికొచ్చే విషయం ఒకటి ఉండాలి. బ్యాంకు ఖాతాలకు నామినీ పేరు రాయించుకోవడం, వీలునామా, 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందేలా 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు వంటివి. పోలీసులమని వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో బెదిరించే ముఠాలు పింఛనుదారులనే ఎక్కువగా వెతుక్కుంటున్నాయి. అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని, మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఒకరికొకరు చెప్పుకోవాలి. ఈ మాట పిల్లలు చెబితే చిన్నతనంగా తోస్తుంది గాని పాత సహోద్యోగి చెబితే చెవికెక్కుతుంది. చివర్లో హౌసీ ఆడుకోండి, పాడగలిగినవాళ్లుంటే ఘంటసాల పాట ఒకటి పాడించండి.

ఈ నెలవారీ కలయిక ఆరేడు నెలలు నిలిచాక పూటలో ముగిసే విహారాలు మొదలుపెట్టవచ్చు. వాటికి నేను పెట్టే నియమం ఒకటే: బుకింగు చేయడానికి ముందు మీ సంఘంలో మోకాళ్ల నొప్పి బాగా ఉన్న సభ్యుణ్ణి, ఒక సభ్యురాలిని వెంటబెట్టుకుని ఆ చోటు చూసి రావాలి. ఎన్ని మెట్లున్నాయి, వాటికి పట్టుకునే కమ్మీ ఉందా, బండి ఎంత దగ్గరికి వస్తుంది, నీడలో కూర్చోవడానికి వీపు ఆనించుకునే కుర్చీలు దొరుకుతాయా, కమోడ్ ఉన్న శుభ్రమైన బాత్రూమ్ ఉందా అన్నవి వాళ్ల కళ్లతో చూడాలి. ఈ చివరిది చిన్న విషయం కాదు. బాత్రూమ్ ఎలా ఉంటుందోనన్న భయంతో ఆడవాళ్లు విహారం రోజున పొద్దుటి నుంచీ నీళ్లు తాగడమే మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పితో, నీరసంతో ఇంటికి చేరి, మర్నాటికి మూత్రంలో మంటతో బాధపడి, మరుసటి ఏడు ‘మీరు వెళ్లి రండి’ అంటారు. మీరు విన్న ‘మేం వచ్చి ఏం చేయాలి?’ అన్న మాటలో ఇది కూడా కొంత ఉందేమో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

ఆ కొలతతో చూస్తే విశాఖ చుట్టుపక్కల మీకు అనువైనవి చాలానే ఉన్నాయి. భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధారామం 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడింది. కొండ మీదే అయినా బండి పైదాకా వెళుతుంది, అక్కడి నుంచి సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. నవంబరు, డిసెంబరు ఉదయాల్లో అక్కడ గంట కూర్చుని, అక్కడి నుంచి భీమిలి వెళ్లి, 17వ శతాబ్దం నాటి సమాధులున్న డచ్చివారి శ్మశానవాటిక చూసి, భోజనానికి ఊళ్లోకి వచ్చేయవచ్చు. ఆర్కే బీచ్ దగ్గరి కురుసుర జలాంతర్గామి లోపల గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి కాళ్లెత్తి దాటాలి కాబట్టి దాన్ని ఓపిక ఉన్నవాళ్లకే వదిలి, మిగిలినవాళ్లకు విశాఖ మ్యూజియం చూపించండి. ‘ఇందులో ఇంతవరకు అందరం, ఆ పైన ఇష్టమైనవాళ్లం’ అని ముందే ప్రకటిస్తే, ఆగిపోయినవాళ్లకు చిన్నతనం ఉండదు, వాళ్ల కోసం ఒకరు తోడుగా కూర్చోవడం కూడా కార్యక్రమంలో భాగమే అవుతుంది.

అరకును కూడా వదులుకోనక్కరలేదు, వెళ్లే పద్ధతి మార్చుకుంటే చాలు. కొత్తవలస – కిరండూల్ మార్గంలో వెళ్లే రైలుకు 2017 నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ తగిలిస్తున్నారు, సొరంగాలు, లోయలు అన్నీ కూర్చున్న చోటి నుంచే కనిపిస్తాయి. నా దృష్టిలో పెద్దవాళ్లకు ఆ నాలుగు గంటల ప్రయాణమే అసలైన విహారం. బొర్రాలో దిగకుండా నేరుగా అరకు వెళ్లి, చదునుగా ఉండే గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట నిదానంగా చూసుకుని, ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు తిరిగి రండి. ఒకే రోజులో వెళ్లి రావాలన్న తొందరే బొర్రా వంటి చోట తడి మెట్ల మీద అడుగు తడబడేలా చేస్తుంది. డిసెంబరు చివర, జనవరిలో అక్కడి చలి ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు, కాబట్టి నవంబరో ఫిబ్రవరో మేలు.

ఏ విహారమైనా భోజనం వేళను బట్టి ప్లాను వేయండి. డెబ్బై ఏళ్లవాళ్ల గుంపులో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉండి తీరతారు. పొద్దున మందు వేసుకుని ఒంటిగంటకు రావలసిన భోజనం రెండున్నరకు వస్తే రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడవచ్చు. పదకొండు గంటలకు ఒక ఇడ్లీనో అరటిపండో అందరికీ అందాలి, గ్లూకోజు పొడి, పంచదార బండిలో ఉండాలి. స్పృహలో ఉన్న మనిషికైతే అవి వెంటనే ఇవ్వవచ్చు, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ప్రతి ఒక్కరి జేబులో పేరు, వాడే మందులు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసిన కార్డు ఉండాలని, ఆ వివరాల నకలు మీ దగ్గర ఉండాలని నియమం పెట్టండి. బయలుదేరే ముందు రోజు ఈ ఏర్పాట్లన్నీ వాళ్ల పిల్లలకు మీరే ఫోన్‌లో చెబితే, రెండేళ్లుగా పంపడం మానేసిన ఇళ్లలో కొన్నైనా మెత్తబడతాయి.

కార్తీక వనభోజనాలను మాత్రం మానవద్దు. ఉసిరిచెట్టు నీడ, పులిహోర, గారెలు, పనసపొట్టు కూర అంటే ఇప్పటికీ మనసు పుట్టనివాళ్లుండరు. కులాల వారీగా వనభోజనాలు జరుగుతున్న ఈ కాలంలో, అన్ని కులాలవాళ్లూ ఒకే పంక్తిలో కూర్చునే వనభోజనం పెట్టగలిగేది మీలాంటి సంఘాలే, దాన్ని కాపాడుకోవాలి. అయితే మీ సంఘంలో ముస్లింలు, క్రైస్తవులు కూడా ఉంటారు కదా. పూజ, దీపాలు కావాలనుకునేవాళ్లు భోజనానికి గంట ముందే కానిచ్చుకుంటే, పిలుపులో భోజనం వేళను మాత్రమే అందరికీ రాయవచ్చు. అలాగే ఒక ఏడు క్రిస్మస్ కేకుకో, రంజాన్ సేమ్యాకో వాళ్లింటికి పదిమంది వెళితే ఈ పిలుపుకు బరువు వస్తుంది.

కార్తీకంలో చాలా రోజులు నవంబరులోనే వస్తాయి, పింఛనుదారులు బతికున్నట్టు ధ్రువపత్రం ఇచ్చేదీ ఆ నెలలోనే. కాబట్టి వనభోజనం రోజున ఒక బల్ల వేసి, ఫోన్లు బాగా తెలిసిన ఇద్దరు కుర్రవాళ్లను కూర్చోబెట్టి, జీవన్ ప్రమాణ్ పత్రాలు అక్కడే చేయించండి. దశాబ్దాలపాటు ఇనుముతో పనిచేసి వేలిముద్రలు అరిగిపోయినవాళ్లు మిషను ముందు వేలు పెట్టి పెట్టి విసిగిపోతుంటారు, వాళ్లకు ముఖం చూపించి చేసే పద్ధతి 2021 నుంచి అందుబాటులో ఉంది. పీఎఫ్ పింఛను తీసుకునేవాళ్లు ఏడాదిలో ఎప్పుడిచ్చినా అక్కడి నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది కాబట్టి వాళ్ల గడువు తేదీలు విడిగా రాసి పెట్టుకోండి. విందుకు రావడానికి మొహమాటపడేవాళ్లు కూడా ఈ పని కోసం వస్తారు, వచ్చాక భోంచేసే వెళతారు. ఒక జాగ్రత్త మరవద్దు: 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిన ఊరు మనది. ఆ నెలల్లో తోటకో హాలుకో బయానా ఇచ్చేటప్పుడు తుపాను వస్తే తేదీ మార్చుకునే ఒప్పందం రాయించుకోండి.

ఇప్పుడు ఆడవాళ్ల గురించి. సభ్యుల భార్యలను ‘కుటుంబ సమేతంగా’ అన్న ఒక్క మాటతో పిలిచి, వచ్చాక ఒక మూల కుర్చీల్లో కూర్చోబెట్టి, మీ పాత కబుర్లలో మీరు పడిపోతే వాళ్లు రెండోసారి ఎందుకు వస్తారు? వాళ్ల పేర్లతో విడిగా ఆహ్వానం వెళ్లాలి, కార్యక్రమం వేసే కమిటీలో కనీసం ఇద్దరు మహిళలుండాలి, వంట, వడ్డన వాళ్ల నెత్తిన పడకూడదు. కర్మాగారంలో పనిచేసి రిటైరైన మహిళలుంటే కమిటీకి పిలవడం వాళ్లతోనే మొదలుకావాలి. అంతకంటే ముఖ్యంగా, భర్త పోయినవాళ్లను వదులుకోకండి. సభ్యుడు చనిపోగానే సంతాప సందేశం పెట్టి, పూలదండ వేసి, ఆ నంబరును గ్రూపులోంచి తీసేయడం చాలా చోట్ల జరుగుతోంది, అంతటితో ఆ ఇల్లాలికి ముప్ఫై ఏళ్లుగా క్వార్టర్సులో తెలిసిన మనుషులందరూ ఒక్కసారిగా దూరమైపోతారు. ఆమెను సొంత పేరుతో సభ్యురాలిగా చేర్చుకోండి. వేడుక ముగిసేటప్పుడు కొందరికి పసుపు కుంకుమలు, జాకెట్టు ముక్క ఇచ్చి కొందరిని దాటవేసే పద్ధతి సంఘంలో ఉంటే దాన్ని ఈ ఏడే ఆపండి. పళ్లెం తన ముందు నుంచి పక్కకు జరిగిన ఆ ఒక్క క్షణం కోసం ఏళ్ల తరబడి ఏ వేడుకకూ వెళ్లని ఆడవాళ్లున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఆడామగా తేడా లేకుండా, ఒకే రకం పండ్ల సంచి ఇవ్వండి.

హోదాల సంగతి కూడా ఇలాంటిదే. రిటైరై పదేళ్లయినా జీఎం గారు వస్తే లేచి నిలబడే అలవాటు పోదు, పోవాలని నేను అనను. కాని ముందు వరస కుర్చీలు అధికారులకని ఎవరూ అనకుండానే నిండిపోతుంటే, ఖలాసీగా రిటైరైన మనిషి వెనక నిలబడి, భోంచేసి, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోతాడు. భోజనాల దగ్గర సెక్షన్ల వారీగా బల్లలు వేయండి. అప్పుడు ఇంజనీరు, ఫిట్టరు, హెల్పరు ఒకే బల్ల దగ్గరికి వస్తారు, వాళ్ల మధ్య మాటలకు కొరత ఉండదు. వడ్డనకు అధికారులుగా చేసినవాళ్లే ముందు నిలబడితే మరీ మంచిది. మద్యం గురించి మీరు రాయలేదు గాని, రిసార్టు అనేవాళ్ల మాటల్లో అది కూడా ఉంటే, సంఘం పేరుతో, సంఘం డబ్బుతో మాత్రం వద్దు.

డబ్బు దగ్గరే ఎక్కువమంది నొచ్చుకుంటారు. మీలో ఒకరిది పిల్లలు పంపే డాలర్లతో నడిచే ఇల్లు, మరొకరిది పీఎఫ్ పింఛను మీదే ఆధారపడిన ఇల్లు. ఆ పథకంలో 2014 సెప్టెంబరులో నిర్ణయించిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు మాత్రమే. ఆ మనిషిని రిసార్టుకు తలకు రెండు వేలు అడిగితే ఆయన మాట్లాడకుండా తప్పుకోవడం తప్ప ఏం చేస్తారు? నెలవారీ కలయికకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవద్దు. వనభోజనానికి అందరూ తేలిగ్గా ఇవ్వగలిగిన చిన్న మొత్తం పెట్టి, మిగతాది ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చిన నిధి నుంచి నింపండి. ఎవరు ఎంత ఇచ్చారన్నది కోశాధికారికి, ఆడిటు చేసేవాళ్లకు తప్ప బయటపడకూడదు, దాతల పేర్లు ఫ్లెక్సీ మీద వేయకూడదు. డబ్బు మీ సొంత ఖాతాలో ఉంచుకోకండి. ఇద్దరి సంతకంతో నడిచే సంఘం ఖాతా ఉండాలి. 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించుకోవడానికి ఏడుగురు సభ్యులు చాలు, ఖాతా తెరవడానికీ అది సాయపడుతుంది.

కాశీ వెళ్లాలనుకునేవాళ్లను ఆపకండి, అయితే దాన్ని సంఘం కార్యక్రమంగా కాకుండా, సంఘంలో కొందరు కలిసి చేసుకునే యాత్రగా, విడి లెక్కలతో, విడి బాధ్యతతో జరగనివ్వండి. రైల్లో వృద్ధుల రాయితీని 2020 మార్చిలోనే నిలిపివేశారు కాబట్టి పాత ధరల అంచనాతో బయలుదేరవద్దు. రిజర్వేషను 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. కింది బెర్తుల కోటా 60 నిండిన పురుషులకు, 45 నిండిన స్త్రీలకు వర్తిస్తుంది గాని, టికెట్టు మీద ఒకరో ఇద్దరో ఉన్నప్పుడే. గుంపంతా కలిసి ఆరుగురేసి చొప్పున ఒకే టికెట్టు తీస్తే ఆ కోటా పోయి, మోకాళ్ల నొప్పులవాళ్లు పై బెర్తు కింద నిలబడవలసి వస్తుంది. జంటకొక టికెట్టు తీయించండి. కాశీలో ఆటో రాని సందుల్లో చాలా నడవాలి, ఘాట్ల మెట్లు నిటారుగా ఉంటాయి, డిసెంబరు, జనవరుల్లో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఇవన్నీ తెలిసి, డాక్టరును అడిగి వెళ్లేవాళ్లకు నిండు మనసుతో వీడ్కోలు చెప్పండి.

వాట్సాప్ గ్రూపును రెండుగా విడగొట్టండి: సమాచారం కోసం మీ కమిటీ మాత్రమే రాయగలిగేది ఒకటి, ముచ్చట్లకు మరొకటి. రోజుకు వంద శుభోదయాలు, రాజకీయ వాదనలు పడే గ్రూపులో వనభోజనం తేదీ కొట్టుకుపోతుంది. స్మార్ట్ ఫోన్ లేనివాళ్లకు ఫోన్ చేసే బాధ్యత పేరు పేరునా ఒక్కొక్కరికి అప్పగించండి. మంచం మీద ఉన్నవాళ్ల ఇంటికి నెలకు ఇద్దరు చొప్పున వెళ్లి అరగంట కూర్చుని రావడాన్ని కూడా సంఘం కార్యక్రమంగానే క్యాలెండరులో రాయండి. ఆ జాబితాలో మొదటి పేరు బొర్రాలో పడిపోయిన పెద్దాయనది కావాలి. మొదట మీరే వెళ్లండి. ఆయన నడవగలిగే స్థితిలో ఉంటే, విహారానికి ముందు చోటు చూసి వచ్చే పని ఆయనకే అప్పగించండి. ఏ మెట్టు ప్రమాదమో ఆయన కంటే బాగా ఎవరు చెబుతారు?

చివరిగా మీ గురించి. అన్నీ ఒక్కరే చూసుకునే సంఘం ఆ ఒక్కరికి జబ్బు చేస్తే ఆగిపోతుంది. ఫోన్లు ఒకరు, డబ్బు ఒకరు, విహారాలు ఇద్దరు, ఇళ్లకు వెళ్లడం ఇద్దరు చూసేలా పని పంచండి. వాళ్లలో ముగ్గురైనా గత అయిదేళ్లలో రిటైరైనవాళ్లు అయి ఉండాలి, వాళ్లకు ఇంకా ఓపిక ఉంటుంది, కర్మాగారంలో మనుషులూ తెలుస్తారు. కార్యదర్శి పదవికి రెండేళ్ల గడువు పెట్టి, సభ్యుల చిరునామాలు, ఖాతా పుస్తకం, ఫోన్ నంబర్లు, వైద్య వివరాల కార్డుల నకళ్లు ఒక ఫైలులో పెట్టండి. ఆ ఫైలు ఎక్కడుందో మీరు కాక మరో ఇద్దరికి ఈ నెలలోనే తెలియాలి.